మనం ఉన్నది కృష్ణ బిలం (బ్లాక్ హోల్) లోపలేనా? బావతో పందెం కాశాను, ఆదుకోండి

బందరు రోడ్డు | శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను బీకాం చదివి బీసెంట్ రోడ్డులో మొబైల్ కవర్ల షాపు చూసుకుంటున్నాను. ఫిజిక్స్‌తో నా సంబంధం పదో తరగతిలోనే తెగిపోయింది. దసరాకి మా అక్కా బావా గుంటూరు నుంచి వచ్చారు. నిన్న రాత్రి డాబా మీద పడుకుని ఉండగా బావ ఫోన్‌లో ఒక రీల్ చూపించి, "చూశావా, ఈ విశ్వమంతా ఒక పెద్ద బ్లాక్ హోల్ లోపల ఉందంట, నాసా వాళ్లు తేల్చేశారు" అన్నాడు. నేను నోరు మూసుకుని ఉండొచ్చు కదా, "అదంతా లైకుల కోసం బావా" అన్నాను. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఓడినవాళ్లు ఇంటిల్లిపాదికీ బిర్యానీ పెట్టించాలి. మొత్తం పన్నెండు మందిమి.

నా అనుమానం ఒక్కటే. లోపల ఉంటే ఈపాటికి నలిగి పిండైపోవాలి కదా? బావ మంగళవారం వెళ్లిపోతాడు. ఆలోపు తేల్చండి, ప్లీజ్.

గోళీసోడా | రాత్రి 10:20

కృష్ణ మా ఇంటికి రెండు కిలోమీటర్లే. బిలం ఎక్కడుందో పొద్దున వాకింగ్‌కి వెళ్లినప్పుడు చూసి చెప్తా.

బ్రాడీపేట మాస్టారు | రాత్రి 10:51

రీల్‌లోది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. నాసా ఏమీ తేల్చలేదు. కానీ ఆ ఊహ వెనక ఒక లెక్క ఉంది, అది ముచ్చటైన లెక్క. పలకా బలపం తీసుకోండి.

1916లో కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ సమీకరణాలకు ఒక పరిష్కారం ప్రచురించాడు. దాన్నిబట్టి ఏ వస్తువునైనా ఒక హద్దు కంటే చిన్నగా నొక్కేస్తే అందులోంచి వెలుతురు కూడా బయటికి రాదు. సూర్యుణ్ని 3 కిలోమీటర్ల వ్యాసార్ధానికి నొక్కాలి. భూమినైతే 9 మిల్లీమీటర్లకు. గోళీసోడా గారూ, మీ సీసాలో ఇరుక్కునే గోళీ ఉంటుందే, ఇంచుమించు అంత.

ఇక్కడే ఒక తమాషా. బరువు రెట్టింపయితే ఈ వ్యాసార్ధమూ రెట్టింపవుతుంది. కానీ వ్యాసార్ధం రెట్టింపయితే లోపలి చోటు ఎనిమిది రెట్లవుతుంది. రెండు లారీల మిర్చి టిక్కీలు వచ్చాయని ఎనిమిది గోడౌన్లు తెరిచినట్టు. అంటే కృష్ణ బిలం పెద్దదయ్యేకొద్దీ పలచనవుతుంది. 2019 ఏప్రిల్ 10న ఒక ఫొటో విడుదలైంది గుర్తుందా, బాగా వేగిన గారెలా ఎర్రగా, మధ్యలో చిల్లుతో? అది ఎం87 అనే గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణ బిలం. 650 కోట్ల సూర్యుల బరువు. ఆ బరువును దాని హద్దు లోపలి చోటుతో భాగించి చూడండి. మనం పీల్చే గాలి సాంద్రతలో సగం కూడా రాదు.

ఇలా పెంచుకుంటూ పోతే? విశ్వంలో సగటున ఒక ఘనపు మీటరుకు ఐదారు హైడ్రోజన్ పరమాణువులంత సరుకు ఉంది. ఆ లెక్కన దాదాపు 1,400 కోట్ల కాంతి సంవత్సరాల వ్యాసార్ధంతో ఒక గోళం గీసి, అందులో పట్టే మొత్తం బరువుకు ష్వార్జ్‌షీల్డ్ హద్దు కట్టండి. జవాబు మళ్లీ అదే 1,400 కోట్ల కాంతి సంవత్సరాలు వస్తుంది.

బందరు రోడ్డు | రాత్రి 10:58

మాస్టారూ! అంటే బావ గెలిచినట్టేనా? మటనా చికెనా అని అప్పుడే అడుగుతున్నాడు.

బ్రాడీపేట మాస్టారు | రాత్రి 11:03

ఆర్డర్ ఇవ్వకండి. మా ఇంట్లో లైటు తీసేయమంటున్నారు, మిగతాది రేపు.

71వ గేటు | ఆదివారం ఉదయం 6:40

నలిగిపోవాలి కదా అన్న అనుమానానికి నేను చెప్తాను. నా పేరు చూసి కొత్తవాళ్లు అడుగుతుంటారు, ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, రోజూ సాయంత్రం రెయిలింగ్ పట్టుకుని నిలబడే నేను 71వది.

గేట్లు ఎత్తినప్పుడు ఎగువ వైపు నీళ్లు చూడండి. దూరంగా ఉన్న నీరు కదులుతున్నట్టే ఉండదు. దగ్గరికొచ్చేకొద్దీ నున్నగా, గాజు పలకలా సాగుతుంది. సరిగ్గా గేటు కింద దూరేచోట తెల్లగా విరిగిపోతుంది. ఇప్పుడు అందులో ఒక చేప ఉందనుకోండి. చేప ఎంత ఈదినా దాని వేగానికి ఒక హద్దుంది కదా. నీటి వేగం ఆ హద్దును దాటే చోట అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. గీతకు ఇవతల ఉన్నంతసేపూ చేప తిరిగి రాగలదు. గీత దాటాక ఎటు తిరిగి ఈదినా గేటు వైపే పోతుంది. అయితే ఆ గీత దగ్గర గోడ లేదు, బోర్డు లేదు, చేపకు కుదుపు కూడా తెలియదు. ఎప్పుడు దాటిందో దానికే తెలియదు.

కృష్ణ బిలం హద్దు అలాంటిదే. చిన్న బిలమైతే హద్దు చేరకముందే తలకీ కాళ్లకీ మధ్య లాగుడులో తేడా వచ్చి మనిషి సేమియాలా సాగిపోతాడు. పెద్దదైతే హద్దు దగ్గర ఆ తేడా అతి స్వల్పం. కాఫీ తాగుతూ దాటేయొచ్చు. కాబట్టి మనం నలిగిపోలేదన్నది బావగారి మీద పనికొచ్చే పాయింటు కాదండీ, సారీ.

ఈ నీళ్ల పోలిక ఉబుసుపోక చెప్పింది కాదు. విలియం ఉన్రూ అనే ఆయన 1981లో దీన్నే లెక్కగా మార్చాడు. చేప బదులు ధ్వని. ధ్వని వేగాన్ని మించి ప్రవాహం పోతే అక్కడినుంచి అరుపు వెనక్కి రాదు, అదొక మూగ బిలం. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1974లో కృష్ణ బిలం సన్నగా వేడిని వెలువరిస్తుందన్నాడు కదా, ఈ మూగ బిలం నుంచి కూడా అలాగే సన్నని ధ్వని రావాలని ఉన్రూ లెక్క కట్టాడు. ఇజ్రాయెల్‌లో జెఫ్ స్టైన్‌హావర్ అతిశీతల రుబీడియం పరమాణువులతో ఆ ప్రయోగం చేసి, కనిపించిందని 2016లో ప్రకటించాడు.

2024 సెప్టెంబరులో మన బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఆ గాజు పలక కూడా కనిపించలేదు. నది మొత్తం గీతకు అవతలే ఉన్నట్టుంది. ఆ మాట మళ్లీ ఎప్పుడైనా.

ఇంటర్ బాధితుడు | ఉదయం 7:15

అన్నా, చేపల పాయింట్ సూపర్. మా కాలేజీలో (పేరెందుకులెండి, ఫీజు ఇంకా కట్టాలి) ఆ వేడి గురించి, అదే హాకింగ్ రేడియేషన్ గురించి అడిగితే సార్ "వెయిటేజీ ఎంత?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనే కూర్చుని చదివాను. సూర్యుడంత బరువున్న కృష్ణ బిలం వేడి ఒక కెల్విన్‌లో కోటి భాగాలు చేస్తే ఒక భాగం కూడా లేదు. చుట్టూ ఉన్న అంతరిక్షమే 2.7 కెల్విన్. అంటే అది ఇప్పుడు ఆవిరవడం లేదు, తిరిగి చుట్టూ ఉన్న వేడిని తాగుతోంది. కరెక్టేనా?

వేధశాల | ఉదయం 7:32

నూటికి నూరు కరెక్టు తమ్ముడూ. ఆ 2.7 కెల్విన్ తర్వాతి కాలంలో ఇంకా చల్లబడ్డాక మొదలైనా, పూర్తిగా ఆవిరవడానికి 1 పక్కన 67 సున్నాల సంవత్సరాలు. విశ్వానికి ఇప్పటికి 1,380 కోట్ల ఏళ్లే. మీ ఫీజు డెడ్‌లైన్ దానికంటే ముందే ఉంటుంది.

పసుపుకొమ్ము | ఉదయం 9:05

దుగ్గిరాల నుంచి. మా ఇంట్లో టిఫిన్ల హడావుడి అయ్యాక తీరిగ్గా మొత్తం చదివాను. నలగకపోతే సరే. మరి మనం ఉన్న ఆ బిలానికి బయట ఏముంది? ఇంకో విశ్వం ఉంటే, అది ఇంకో బిలంలో ఉందా? మా అత్తగారు తెచ్చుకున్న స్టీలు డబ్బాల సెట్టులా ఒకదాంట్లో ఒకటి పోతూనే ఉంటుందా?

తెల్లచొక్కా | ఉదయం 9:11

ఇవన్నీ మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. బ్రహ్మాండాలు అనంతం.

నిర్వాహకుడు | ఉదయం 9:14

చెప్పారు సరే, బరువు ఎంతో కూడా చెప్పి ఉంటే మాస్టారికి పని తగ్గేది. ఆధ్యాత్మికానికి వేరే విభాగం ఉందండీ, అక్కడ హాయిగా రాయండి. ఇక్కడ పందెం తేలాలి.

బ్రాడీపేట మాస్టారు | ఉదయం 10:30

గుడికి వెళ్లొచ్చాను. ఇప్పుడు నిన్నటి లెక్క సంగతి.

ఆ రెండు అంకెలూ కలవడం చూసి 1972లో ఐ.జె. గుడ్, ఆర్.కె. పథ్రియా ఎవరికి వారు "విశ్వమే ఒక కృష్ణ బిలమేమో" అని రాశారు. పథ్రియా మనవాడే, పంజాబు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాళ్లకు స్టాటిస్టికల్ మెకానిక్స్ పుస్తకంతో ఆయన పరిచయం. కాబట్టి ఇది రీల్స్ వాళ్లు పుట్టించినది కాదు, యాభై ఏళ్ల పైబడిన ఊహ.

అయితే అంకెలు ఎందుకు కలిశాయో చూడండి. నిన్న నేను 1,400 కోట్లు అన్నది ఊరికే తీసుకున్న అంకె కాదు. కాంతి వేగాన్ని విశ్వం వ్యాపించే రేటుతో భాగిస్తే వచ్చే దూరం. మన విశ్వంలో చోటు చదునుగా ఉంది, అంటే త్రిభుజం కోణాలు ఎంత పెద్దగా గీసినా 180 డిగ్రీలే. అలా చదునుగా ఉండాలంటే సాంద్రతకూ వ్యాపించే రేటుకూ మధ్య ఒక కచ్చితమైన లంకె ఉండాలి. ఆ లంకెను తీసుకెళ్లి ష్వార్జ్‌షీల్డ్ సూత్రంలో పెట్టండి. అన్నీ కొట్టుకుపోయి అటూ ఇటూ ఒకటే మిగులుతుంది. అంటే చదునైన విశ్వం ఏదైనా సరే, బిలంలో ఉన్నా లేకపోయినా, ఈ లెక్క కలిసి తీరుతుంది. చిట్టా రాసిన గుమాస్తా చేతనే ఆడిట్ చేయించి "అణా పైసల్తో సరిపోయింది" అనుకున్నట్టు ఉంటుంది దీన్ని రుజువంటే.

రెండోది ఇంకా పెద్ద చిక్కు. 71వ గేటు గారి చేప గీత దాటింది కదా. ఆ తర్వాత బిలం నడిబొడ్డు అనేది దానికి అటువైపో ఇటువైపో ఉండే చోటు కాదు. రేపు లాంటిది. మీరు తెనాలి వైపు పరిగెత్తినా నందిగామ వైపు పరిగెత్తినా రేపు రాక మానదు కదా, అలా. కృష్ణ బిలంలో ఆ అంతుచిక్కని బిందువు ముందుంటుంది. మహా విస్ఫోటం (బిగ్ బ్యాంగ్, విశ్వం మొదలు) మనకు వెనకుంది. నిన్న లాంటిది. మనది బిలమే అయితే సినిమాను వెనక్కి తిప్పిన బిలం కావాలి. దానికి శ్వేత బిలం అని పేరు పెట్టారు గానీ ఆకాశంలో ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

అయినా ఈ రెండింటికీ చుట్టరికం లేదని అనను. 1955లో కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి ఒక సమీకరణం రాశారు. గురుత్వాకర్షణ కింద పదార్థపు దారులన్నీ ఎలా దగ్గరవుతాయో చెప్పేది. రోజర్ పెన్రోజ్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త 1965లో కూలిపోతున్న నక్షత్రానికి చివర ఒక అంతు తప్పదని చూపించడంలో ఆ సమీకరణమే పునాది. 2020లో పెన్రోజ్‌కు నోబెల్ వచ్చింది అందుకే. హాకింగ్ అదే వాదాన్ని కాలంలో వెనక్కి తిప్పి విశ్వం మొదటికి అన్వయించాడు. నక్షత్రం చావునూ విశ్వం పుట్టుకనూ ఒకే గణితంతో కట్టారన్నమాట. ఆ గణితంలో మన దేశపు మనిషి, అందునా పరిశోధన సంస్థలో వేరే పని అప్పగించినా పట్టువదలకుండా దీనిమీద కూర్చున్న మనిషి చెయ్యి ఉందని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. బాధితుడు బాబూ, దీనికీ వెయిటేజీ లేదు.

పసుపుకొమ్ము | ఉదయం 10:48

మాస్టారూ, బాగుంది. కానీ నా స్టీలు డబ్బాల సంగతి దాటేశారు.

వేధశాల | ఉదయం 11:20

అక్కా, డబ్బాల సంగతి నేను చెప్తాను. మీరు అడిగింది నవ్వులాటగా కనిపించినా దాన్ని సీరియస్‌గా పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

నికోడెమ్ పోప్లావ్‌స్కీ అనే భౌతిక శాస్త్రవేత్త 2010 నుంచి చెప్తున్నది ఇది. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో చోటు వంగుతుంది, మెలిపడదు. కణాలకు స్పిన్ అనే గుణం ఉంది కాబట్టి చోటు మెలిపడటం కూడా ఒప్పుకుంటే, మరీ దట్టమైన స్థితిలో ఆ మెలి తిరిగి తోస్తుంది. తడిగుడ్డ పిండుతున్నప్పుడు ఒకచోట ఇక తిరగనని మొరాయిస్తుంది చూడండి, అలా. దాంతో బిలంలో పడిన పదార్థం బిందువుగా మారకుండా వెనక్కి ఎగిసి కొత్త విశ్వంగా విప్పుకుంటుంది. అంటే మాస్టారు చెప్పిన రేపు, నిన్న మధ్యలో ఒక మలుపు దొరుకుతుంది. లీ స్మోలిన్ అనే ఇంకో శాస్త్రవేత్త అంతకు ముందే ఇంకో అడుగు వేశాడు. బిలాలు పిల్ల విశ్వాలను కంటాయి, ఎక్కువ బిలాలున్న విశ్వానికి సంతానం ఎక్కువ, కాబట్టి మన విశ్వం బిలాలు పుట్టించడంలో ఆరితేరి ఉండాలి అని. నాకు ఇది వంశవృక్షం గీసుకున్నంత హాయిగా అనిపిస్తుంది, అందుకే అనుమానం కూడా. 2025లో బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్రికే గజ్తన్యాగా బృందం మెలి జోలికి పోకుండానే, ఒకే స్థితిలో రెండు కణాలు ఇమడవన్న క్వాంటమ్ నియమం చాలు, పతనం ఆగి తిరిగి ఎగుస్తుందని లెక్క కట్టింది. ఇందులో నాకు నచ్చినది ఒకటుంది. వాళ్ల లెక్క నిజమైతే చోటు పూర్తిగా చదును కాకుండా ఒక పిసరు వంకర ఉండాలి. అది కొలిచి చూడదగ్గది.

బయట ఏముందంటారా? తల్లి విశ్వం ఉంటుంది, దానికో తల్లి ఉంటుంది. మొదటి డబ్బా ఎవరు కొన్నారన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

గుంటూరు బావ | మధ్యాహ్నం 1:02

నమస్కారమండీ. మా బామ్మర్ది లింకు పంపాడు, అకౌంట్ తెరిచాను. మీరందరూ పెద్దవాళ్లు, నేను పత్తి వ్యాపారిని. నాసా అన్నది నా పొరపాటే, ఒప్పుకుంటా. కానీ రీల్‌లో ఇంకో మాట ఉంది. పెద్ద టెలిస్కోపుతో చూస్తే గెలాక్సీలన్నీ ఒకే వైపు తిరుగుతున్నాయంట. బిలం తిరుగుతుంటేనే కదా లోపలివి అలా తిరిగేది? దీనికి జవాబు చెప్పి అప్పుడు బిర్యానీ సంగతి మాట్లాడండి.

వేధశాల | మధ్యాహ్నం 1:25

స్వాగతం బావగారూ. అది లియోర్ షామిర్ 2025లో ప్రచురించిన పరిశీలన. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో 263 గెలాక్సీల తిరుగుడు చూశాడు. "అన్నీ" కాదు, దాదాపు అరవై శాతం ఒక వైపు, మిగతావి రెండో వైపు. తిరిగే బిలం లోపల పుట్టామేమో అన్నది ఆయన పెట్టిన వివరణల్లో ఒకటి. రెండోది కూడా ఆయనే పెట్టాడు. మన పాలపుంతే తిరుగుతోంది కాబట్టి మనకు ఎదురు తిరిగేవి కాస్త ఎక్కువ కాంతితో కనిపించి లెక్కలోకి ఎక్కువగా వస్తుండొచ్చు అని. రీల్‌లో మొదటిది ఉంచి రెండోది కోసేశారు. పైగా 263 అంటే ఎన్ని? మీ యార్డులో ఒక్క బేలు విప్పి చూసి సీజన్ మొత్తం రేటు చెప్పేస్తారా?

గుంటూరు బావ | మధ్యాహ్నం 1:31

చెప్పనండి. ఒక్క బేలు చూసి కొన్నవాడి గతి నాకు తెలుసు. (నేనే.)

బందరు రోడ్డు | మధ్యాహ్నం 1:33

అంటే నేను గెలిచానా మాస్టారూ?

బ్రాడీపేట మాస్టారు | మధ్యాహ్నం 3:40

మీరూ గెలవలేదు. "లైకుల కోసం" అన్నారు కదా, అదీ తప్పే. రుజువైందని బావగారు అనడం తప్పు, ఉత్తిదే అని మీరు తోసేయడం తప్పు. చెరి ఆరుగురికి పెట్టించండి.

గోళీసోడా | మధ్యాహ్నం 3:44

ఈ చర్చలో అసలు ఎవరైనా ఒక్క బ్లాక్ హోల్‌నైనా కళ్లతో చూశారా?

వేధశాల | సాయంత్రం 4:15

బిలాన్ని చూడలేం. దాని పక్కింటివాణ్ని చూశాను.

మా డాబా మీద ఆరు అంగుళాల టెలిస్కోపు ఉంది. ఈ రోజుల్లో చీకటి పడగానే హంస మండలం ఉత్తరం వైపు బాగా ఎత్తులో ఉంటుంది. హంస మెడ మధ్యలో ఈటా అనే చుక్క కంటికి తెలుస్తుంది. దాని పక్కనే, కంటికి కనపడనంత మసకగా ఒక నీలి చుక్క. మొదటిసారి దాన్ని పట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. చార్టు మీద ఎర్ర కాగితం చుట్టిన టార్చి, ఒక చేతికి ఓడోమాస్, కింద వీధి లైటు అడ్డు రాకుండా మా ఆవిడ ఆరేసిన దుప్పటి. పక్క డాబా మీద బట్టలు తీసుకుంటున్న పిన్నిగారు "మా వంటింటి కిటికీ వైపు పెట్టలేదు కదా బాబూ" అని అడిగారు. ఆవిడకీ చూపించాను. "చుక్కే కదా" అన్నారు.

చుక్కే. కానీ అది 7,200 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న భారీ నక్షత్రం. 5.6 రోజులకొకసారి దేని చుట్టూనో గిర్రున తిరుగుతోంది. ఆ దేనికో 21 సూర్యుల బరువుంది, అక్కడ మాత్రం ఏమీ కనపడదు. అదే సిగ్నస్ ఎక్స్-1. ఇది కృష్ణ బిలం కాదని 1974లో హాకింగ్ తన మిత్రుడు కిప్ థోర్న్‌తో పందెం కాసి 1990లో ఓటమి ఒప్పుకున్నాడు. పందెం ఒక పత్రికకు ఏడాది చందా. ఏ పత్రికో ఇక్కడ రాస్తే నిర్వాహకుడు గారు నన్ను బయటికి పంపుతారు.

బందరు రోడ్డు గారూ, మీ బావగారు మంగళవారం గుంటూరు వచ్చేస్తారు కదా. విద్యానగర్‌లో మా ఇల్లు, అడ్రసు విడిగా పంపిస్తాను. మీరు కూడా రండి.

ఇంటర్ బాధితుడు | సాయంత్రం 4:20

అన్నా నేనూ వస్తా. అవుట్ పాస్ ఇస్తే.

71వ గేటు | సాయంత్రం 5:50

బ్యారేజీ మీద ఉన్నాను. తూర్పు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. మంగళవారం అనుమానమే, బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు.

గుంటూరు బావ | సాయంత్రం 6:05

మబ్బైతే ఇంకో రోజు. ఇప్పుడే బామ్మర్దీ నేనూ చెరి సగం అనుకున్నాం, బిర్యానీ చెప్పేశాం. మటన్. మా ఆవిడ మాత్రం "రెండు రోజులుగా వెతికి తేల్చింది ఇదా" అంటోంది.

గోళీసోడా | సాయంత్రం 6:07

పదమూడు ప్లేట్లు చెప్పండి. గోళీ నాది కదా.